వంతు నడిచే దినాల్లో

మరవపల్లి చెరువు కింద నీళ్ల వంతు మొదలైందంటే, ఆఖరి మడికి ఆఖరి తడి అందేవరకూ నీరుగంటి ఏ ఆయకట్టు రైతు ఇంట్లోనూ మంచినీళ్లు కూడా ముట్టకూడదు. తూము ఎత్తి దించేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది అతనే కాబట్టి ఈ కట్టుబాటు. మండుటెండలో గట్టు మీద ఎవరైనా చెంబుడు మజ్జిగ చాపితే దండం పెట్టి పక్కకు తప్పుకోవాలి. పెళ్లికి పిలిస్తే పోవాలి, పందిట్లో కూర్చోవాలి, విస్తళ్లు వేసే వేళకు లేచి ఇంటిదారి పట్టాలి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడు మనుషుల్ని కాచి వడబోసినవాడు. ఒకరి ఉప్పు తిన్న నాలుకతో ఇంకొకరికి న్యాయం చెప్పడం ఎంత కష్టమో వాడికి బాగా తెలుసు.

నీరుగంటికి ఇంకో షరతు కూడా ఉంది. చెరువు కింద అతనికి సెంటు భూమి ఉండకూడదు. ఈ షరతు మాత్రం ఇప్పటి నీరుగంటి వీరేష్ వంశానికి ఏనాడూ కష్టం కాలేదు. తాతముత్తాతల నుంచీ వాళ్లకు భూమి ఇచ్చిందెవరు గనక! ఇవ్వనివాళ్లే పిలిచి, నీకు భూమి లేదు కాబట్టి నిన్ను నమ్ముతాం అని చేతికి పార ఇచ్చారు. లోకంలో కొన్ని గౌరవాలు ఇలాగే వస్తాయి, కాదనడానికి లేదు.

తండ్రి బాలప్ప పోయాక ఆ పార వీరేష్ చేతికి వచ్చింది. అతను పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. వంతు నడిచే దినాల్లో ఒక్క చుక్క మజ్జిగ తాగి ఎరగడు. అయితే కట్టుబాటు తన నోటికే అనుకున్నాడు గానీ, తన ఇంట్లో ఇంకో చిన్న నోరు కూడా ఉందని మరిచిపోయాడు. కూతురు ఆశ్రితకు నాలుగు నిండి ఐదు నడుస్తోంది.

తల్లి ఇంట్లో ఉంటే ఈ తంటా వచ్చేదే కాదు. వీరేష్ భార్య జాయ్‌ది గుంతకల్లు. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి యేసన్న రైల్వే గ్యాంగ్‌లో పనిచేస్తాడు, ఆయన బతుకంతా పట్టాల మీదే. జాయ్ పరుగుపందేల్లో కప్పులు తెచ్చుకుని, ఆ కాళ్ల బలంతోనే కేంద్ర పోలీసు బలగంలో కానిస్టేబుల్ అయింది. పోయిన ఏడు వేసవిలో ఐక్యరాజ్యసమితి శాంతి దళంలోకి ఎంపికై, నీలం రంగు టోపీ పెట్టుకుని దక్షిణ సూడాన్ పోయింది. ఏడాది అనుకుని పోయింది. మే నెల మొదట్లో తిరిగి రావాలి.

ఆమె లేని ఏడాదిలో వీరేష్ సంగటి కెలకడం నేర్చుకున్నాడు, జడ వేయడం నేర్చుకున్నాడు. కానీ తెల్లవారకముందే తూము దగ్గరికి పోవాలి. పాపను భుజాన ఎక్కించుకుని పోయి అంగన్‌వాడీ అరుగు మీద కూర్చోబెట్టి, టీచరమ్మ వచ్చేదాకా కదలవద్దని చెప్పి పోయేవాడు. ఆ అరుగుకు ఎదురిల్లే సుబ్బరత్నమ్మది. పై ఆయకట్టులో పెద్ద రైతు ఆంజనేయులు భార్య ఆమె. వాకిలి ఊడుస్తూ ఆమె చూసింది, ఒంటరిగా కాళ్లు ఊపుకుంటూ కూర్చున్న పిల్లను. ఆ రోజు గ్లాసుడు పాలు ఇచ్చింది. మర్నాడూ ఇచ్చింది. ఆ తర్వాత అది వాడుకైపోయింది.

ఆ గ్లాసు వేరే. పాప తాగి, కుళాయి కింద కడిగి, ప్రహరీ గోడ మీద బోర్లించి పోవాలి. పాపకు అదొక ఆట. సుబ్బరత్నమ్మ ప్రేమా నిజమే, గ్లాసు వేరు కావడమూ నిజమే. మన ఊళ్లలో ఈ రెండూ ఒకే గోడ మీద సర్దుకుపోతాయి, ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. వీరేష్‌కు పాల సంగతి తెలుసు. పాప కడుపు నిండుతోంది కదా అని ఊపిరి పీల్చుకున్నాడే తప్ప అంతకు మించి ఆలోచించలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చెరువు సగం కూడా నిండలేదు. పై ఆయకట్టువాళ్లూ, కింది ఆయకట్టువాళ్లూ కూర్చుని, ఎవరి భూమిలో వాళ్లు సగమే నాటుదామని ఒప్పుకున్నారు. ఏప్రిల్ వచ్చేసరికి వరి పొట్టకు వచ్చింది. చెరువులో ఉన్న నీళ్లు పొదుపుగా పారిస్తే రెండు తడులకు వస్తాయి. రెండు తడులూ అందితే నిండు పంట, ఒకటి తప్పితే సగం, రెండూ తప్పితే గడ్డి.

ఒక శుక్రవారం సాయంత్రం జాయ్ ఫోన్ చేసింది.

"మామా, ఒక మాట. మా మిషన్‌కు గడువు పెంచినారు. ఇంకో ఏడాదంట."

"పెంచుకోనీ. నీ గడువు అయిపోయింది గదా?"

"అయిపోయింది. మా బదులు రావల్సిన ఆడపిల్లల బ్యాచ్ ఇంకా తయారు కాలేదంట. ఆరు నెలలు పడతాదంట. అంతవరకూ ఉండేటోళ్లు ఉంటే పేర్లు ఇయ్యమన్నారు. బలవంతమేం ల్యా. బిడ్డలున్నోళ్లు పోవచ్చు అని గూడా చెప్పినారు."

వీరేష్ ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"ఉండావా?"

"ఉండా. చెప్పు."

జాయ్ చెప్పుకొచ్చింది. ఇళ్లు కాలిపోయి పారిపోయి వచ్చినవాళ్ల శిబిరం అది. పొద్దున్నే ఆడవాళ్లు కట్టెలకు అడవికి పోతారు. జాయ్ వాళ్లు వాళ్ల వెంట నడుస్తారు. పని అంటే అంతే. ఇంతవరకూ తుపాకీ పేల్చిందీ లేదు, ఎవరినీ పట్టుకున్నదీ లేదు. ఊరికే పక్కన నడవడం. మిషన్ ఎత్తేస్తారని మధ్యలో పుకారు పుడితే, ఆ వారమంతా ఆడవాళ్లు అడవికి పోలేదట. పొయ్యి వెలిగించక, పచ్చి పిండి నీళ్లలో కలిపి పిల్లలకు తాగించారట.

"ఆడ కొట్లాట దేనికి?" వీరేష్ అడిగాడు.

"పశువులకు, గడ్డికి, నీళ్లకు. మన ఊరి కొట్లాటే మామా. చేతుల్లో కట్టెలకు బదులు తుపాకులుండాయి, అంతే."

"మీరు పోయినంక ఆగిందా?"

"ల్యా. ఆగిందని నీకు అబద్ధం చెప్పను. ఆ అడివి దోవలో మాత్రం ఆగింది."

తర్వాత జాయ్ అంది: "నువ్వు రమ్మంటే వస్తా. ఉండమంటే ఉంటా. ఆదివారం సాయంత్రానికి చెప్పల్ల."

వచ్చెయ్ అనే మాట వీరేష్ నాలుక చివరనే ఉంది. అయినా అనలేదు. ఆ మాట ఆమే అనవచ్చు కదా అని కోపం వచ్చింది. కన్నతల్లి తను, రావాలని తనకు లేదా? బరువు తెచ్చి నా నెత్తిన పెట్టి, దింపమంటావా మోయమంటావా అని అడుగుతుందేమిటి? "ఆలోచించి చెప్తా" అని పెట్టేశాడు. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు. రమ్మనాలని అప్పుడే తీర్మానించుకున్నాడు. రెండు రోజులు ఆగి చెబితే మగవాడు ఆలోచించి చెప్పినట్టుంటుందని, అంతే.

శనివారం పొద్దున అతను తూము దగ్గరికి పోయేసరికి కింది ఆయకట్టు రైతులు గట్టు మీద నిలబడి ఉన్నారు. ముందు గురప్ప. కాలువ చిట్టచివర అతనిది ఎకరం మడి. నీళ్లు ఎప్పుడూ అందరికంటే ఆఖరున, అందరికంటే తక్కువగా చూసే మనిషి.

"వీరేశా, పార పక్కన పెట్టి ఒక మాట చెప్పు. నీ బిడ్డ పొద్దున్నే యాడ పాలు తాగుతాంది?"

వీరేష్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పార భుజం మీంచి దింపాడు.

"పసిబిడ్డ గదన్నా."

"పసిబిడ్డ తాగితే నువ్వు తాగినట్ల కాదా? నా మడి చూడుపో, నెర్రెలిచ్చింది. ఆంజనేయులు మడి చూడు, కప్పలు ఈదుతాండాయి. పొద్దున వాళ్లింటి పాలు, మధ్యాన్నం వాళ్ల మడికి నీళ్లు. మేమేమనుకోవల్లప్పా?"

"నేను ఎవరికీ ఎక్కువ పారిచ్చలేదు గురప్పన్నా."

"పారిచ్చినావని నేనంటాన్నా? పారిచ్చలేదని నేను ఎట్ల నమ్మల్లో చెప్పు. అదొక్కటే అడుగుతాండా."

గొడవ అక్కడితో ఆగి ఉన్నా బాగుండేది. కానీ మనసు ఊరుకోదు కదా. పోయిన వంతులో ఆంజనేయులు మడికి నీళ్లు కట్టిన మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. మడిలోకి నీళ్లు పోయే మడవ మూయాల్సిన వేళకు గట్టున వేపచెట్టు నీడలో కూర్చుని, జాయ్ పంపిన వీడియో చూస్తున్నాడు. లేస్తాలే, ఇంకొంచెంసేపు, అనుకున్నాడు. గురప్ప మడి అయితే అలా కూర్చునేవాడా? కూర్చునేవాడేమో. కూర్చునేవాడు కాదేమో. బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పమంటే చెప్పలేడు. ఒక గ్లాసు పాలు చేసిన చేటు అది. ఊరికి మాత్రమే కాదు, అతనికే అతని మీద నమ్మకం పోయింది.

తప్పు ఒప్పుకుంటే పోయేది. అతనికి పౌరుషం వచ్చింది.

"మీకు నమ్మకం ల్యాకపోతే నాకీ పారే వద్దు. పెట్టుకోండి" అని పార గట్టులో కసుక్కున గుచ్చి, వెనక్కి చూడకుండా నడిచాడు.

అలగడం నీరుగంటికి తగని పని. అల్లుడు అలిగితే అత్తగారు బతిమాలుతుంది, తూము దగ్గర అలిగితే ఎవరు బతిమాలుతారు? కానీ దారిలో వీరేష్‌కు బాధకంటే హాయే ఎక్కువ అనిపించింది. ఇప్పుడిక ఈ ఊళ్లో పనీ లేదు, పాపను చూసే దిక్కూ లేదు, వచ్చెయ్ అని జాయ్‌కి ధైర్యంగా చెప్పొచ్చు. దెబ్బ తగిలినచోటే సాకు కూడా దొరికింది.

ఆదివారం పొద్దున పాపకు పూలగౌను తొడిగి, తను ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికి పోయాడు. "అమ్మ ఎప్పుడొస్తాది నాయనా?" అని దారిలో పాప అడిగితే, "ఈ పొద్దే రమ్మని చెప్దాం" అన్నాడు. పాప ఆ మాట చర్చిలో కనిపించినవాళ్లందరికీ చెప్పింది. పాస్టరుగారు వాక్యం చదువుతుండగా గుమ్మంలో అలికిడి అయింది. గురప్ప భార్య ఆంజినమ్మ నిలబడి ఉంది. ఏనాడూ చర్చి గడప తొక్కని మనిషి, జుట్టు ముడి ఊడిపోయి, రొప్పుతోంది.

"వీరేశా, బిరీన రా! తూము కాడ కొట్టుకుంటాండారు! సంపుకుంటారప్పో!"

పాపను ఆమె చేతికిచ్చి వీరేష్ పరుగెత్తాడు.

జరిగింది ఇది. నీరుగంటి లేడు కదా అని పొద్దున్నే పై ఆయకట్టువాళ్లు తామే తూము ఎత్తారు. అది తెలిసి కింది ఆయకట్టువాళ్లు దించబోయారు. ఇటు నలుగురు అటు నలుగురు ఒకే ఇనప కడ్డీ పట్టుకుని లాగితే అది వంగింది. దానికి బిగించిన, తూము నోరు మూసే గూటం పక్కకు ఒరిగి ఇరుక్కుంది. ఇక తూము ఎత్తడమూ లేదు, దించడమూ లేదు. నీళ్లు హోరుమని కాలువలోకి దూకి, గండి పెట్టుకుని, మళ్ల వైపు కాకుండా వంకలోకి పరుగెడుతున్నాయి. ఒక ఊరి అన్నమంతా ఇసకలో ఇంకిపోతోంది. దాని ఒడ్డునే మనుషులు నీ వల్ల అంటే నీ వల్ల అని కలబడుతున్నారు.

ఆంజనేయులు ఎడమ చెయ్యి వాచి వేలాడుతోంది. గురప్ప నెత్తి పగిలి, రక్తం కనుబొమ్మ మీదుగా గడ్డంలోకి కారుతోంది. అతన్ని కొట్టిన పార ఆ పక్కనే పడి ఉంది. వీరేష్ దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. నిన్న తను గట్టున గుచ్చి పోయిన పారే.

నేను కొట్టలేదు కదా అనుకోబోయాడు, ఆ మాట మనసులో కూడా నిలబడలేదు. చేతిలో ఉన్నన్నాళ్లూ అది నీళ్లు మళ్లించింది. వదిలేసి పోయిన ఒక్క రోజుకే మనిషి తల పగలగొట్టింది.

"సంచులు! గోనెసంచుల్లో మట్టి నింపీండి!" అని అరుస్తూ చొక్కాతోనే చెరువులో దిగాడు. తూము నోటి దగ్గర నీళ్ల ఈడ్పు మనిషిని లోపలికి లాగేస్తుంది. బాలప్ప చిన్నప్పుడే చూపించాడు, కాళ్లు రాతికి తన్నిపెట్టి, ఒళ్లు పక్కకు వాల్చి ఎలా దిగాలో. మునిగాడు, లేచాడు, మళ్లీ మునిగాడు. గట్టు మీద కొట్టుకునేవాళ్లు ఒకరొకరే ఆగారు. ఎవరో సంచి పట్టుకున్నారు, ఎవరో మట్టి ఎత్తారు. ఎవరి సంచిలో ఎవరు మట్టి పోస్తున్నారో చూసుకునే తీరిక లేదు. చాలా సంచులు నీళ్ల పాలయ్యాక, ఒకటి నోటికి అడ్డం పడింది, దాని మీద ఇంకొకటి. హోరు తగ్గి, చిన్న ధార అయి, ఆగింది.

వీరేష్ గట్టెక్కి వెల్లకిలా పడుకున్నాడు. చెరువు గట్టు వారన తడి గుర్తు కింద ఎంత మేర నీళ్లు దిగాయో అందరూ చూశారు. ఒక తడి నీళ్లు పోయాయి. మిగిలింది ఒక్కటే.

ఆంజనేయులు ముందుగా నోరు విప్పాడు. "వీరేశా, ఉండేది ఒక తడే. నువ్వే పారిచ్చల్ల. మా చేతుల్లో పెడితే అది గూడా వంకలో కలుపుతాం."

గురప్ప తువ్వాలు నెత్తికి అదిమిపట్టుకుని కూర్చున్నాడు. "నీ మీద నాకు నమ్మకం వచ్చిందని కాదు వీరేశా. మనసులో మాట చెప్తాండా. నువ్వు ల్యాకపోతే ఏమయితాదో చూస్తి. అందుకు ఉండమంటాండా."

అభినందన సభల్లో కప్పే శాలువాల కంటే ఆ మాట బరువైంది. వీరేష్ లేచి కూర్చున్నాడు. "పాలు తాగనిచ్చింది నా తప్పే" అన్నాడు. "పోయిన వంతులో ఆంజనేయులన్న మడవ మూసేది నాకు ఆలస్యమయింది. కావాలని కాదు. ఆ కొసరు ఈ తడిలో కోసి, కింది మళ్లకు ఇస్తా. ఒప్పుకుంటారా?"

ఆంజనేయులు వాచిన చెయ్యి చూసుకున్నాడు. ఒప్పుకున్నాడు.

అప్పటికి ఆడవాళ్లు కూడా కట్ట మీదికి వచ్చారు. ఆంజినమ్మ చంకలో ఆశ్రిత ఏడుస్తోంది, పొద్దున తిన్న రెండు ముద్దలు ఎప్పుడో అరిగిపోయాయి. సుబ్బరత్నమ్మ కొంగులోంచి బన్ను తీసి పిల్ల చేతిలో పెట్టింది. వీరేష్ తడి బట్టలతోనే వచ్చి, పిల్ల చేతిలోంచి ఆ బన్ను తీసుకుని సుబ్బరత్నమ్మకు తిరిగి ఇచ్చాడు.

"వద్దమ్మా. ఆఖరి తడి అయ్యేదాకా వద్దు."

ఆమె మొహం కందగడ్డ అయింది. "పసిబిడ్డ నోటికాడిది లాక్కుంటివే! మనిషివేనా నువ్వు?"

పాప గుక్కపట్టింది. ఆంజినమ్మ చూడలేక, నడుముకు కట్టుకున్న సంచిలోంచి బెల్లం ముక్క తీసి పాప నోటికి అందించబోయింది. వీరేష్ ఆమె చెయ్యి కూడా పట్టుకున్నాడు. "నీదీ వద్దక్కా."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! నీ న్యాయం నీ బిడ్డ కడుపు మీదనేనా?"

రెండు ఆయకట్లూ ఆ రోజు ఏకమైంది ఈ ఒక్క తిట్టులోనే. ఆడవాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడి, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, అతని ఏడు తరాలనూ కడిగారు. వీరేష్ పాపను భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. దారి పొడుగునా పాప అతని వీపు మీద చిన్న పిడికిళ్లతో గుద్దుతూనే ఉంది. "నువ్వు మంచోడివి కాదు నాయనా, నువ్వు మంచోడివి కాదు."

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాడు. సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి, ముద్ద చల్లార్చి పెట్టాడు. పాప అలిగి గోడ వైపు తిరిగి తింది. ఆ చిన్న వీపును చూస్తూ అతను కూర్చున్నాడు. ఊరికి న్యాయం చెయ్యడానికి తను ఒక్కడే ఎండలో నిలబడితే చాలనుకున్నాడు ఇన్నాళ్లూ. ఇవాళ తెలిసింది, ఆ ఖర్చులో సగం ఈ పిల్ల కడుతోంది. ఎవరూ అడగలేదు దీన్ని, కడతావా అని. అతనికి ఏడుపొచ్చింది. సుబ్బరత్నమ్మ అన్నది తప్పేం కాదు. అయినా రేపు పొద్దున మళ్లీ ఆ బన్ను ఇస్తే మళ్లీ తిరిగి ఇచ్చేస్తాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో అతనికి అర్థం కాలేదు గానీ, ఉన్నాయి.

జాయ్ అక్కడ కొత్తగా చేసేదేముంది? తనకేమీ కాని నేల మీద, తనకేమీ కాని మనుషుల మధ్య నిలబడుతోంది. అక్కడ ఆమెకు ఏమీ లేకపోవడం వల్లనే ఆ ఆడవాళ్లు ఆమె పక్కన నడుస్తున్నారు. ఆమె పక్కకు తప్పుకుంటే? తను ఒక్క రోజు తప్పుకుంటే గురప్ప తల పగిలింది. ఇక్కడ ఉన్నవి కట్టెలూ పారలూ. అక్కడివి అవి కావని జాయ్ ముందే చెప్పింది. వినకూడదనుకుని విన్నాడు గనక అప్పుడు తలకెక్కలేదు.

రమ్మనడం న్యాయమే. ఏ ముగ్గురు పెద్దమనుషులను అడిగినా పిలిపించుకో అంటారు. పరాయి దేశపు కాపలా మన పిల్లకెందుకు అని ఊరంతా అననే అంటోంది. అతని మనసూ అదే అంటోంది, నిన్నటి కంటే ఇవాళ ఇంకా గట్టిగా అంటోంది. ఇంట్లో ఒక ఆడది ఉండి ఉంటే ఇవాళ ఆ బన్ను గొడవే లేదు.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది. పాప అలక మరిచి అతని తొడ మీద తల పెట్టుకుని నిద్రపోయింది. జాయ్ మొహం తెర మీద కనిపించింది. ఎండకు నల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. వెనక గుడారాలు, నేల మీద గీతలు గీసి ఆడుకుంటున్న పిల్లలు.

"ఏమనుకుంటివి మామా?"

తూము సంగతి, పార సంగతి, బన్ను సంగతి అన్నీ చెప్పి ఆ తర్వాత అసలు మాట చెప్పాలనుకున్నాడు. అంత చెబితే గొంతు నిలబడదని తెలిసింది.

"ఉండు" అన్నాడు.

తెర మీద ఆమె మొహం కదల్లేదు. నెట్‌వర్క్ పోయిందనుకున్నాడు.

"జాయ్? ఉండమంటాండా. పేరు ఇచ్చెయ్. పాపను నేను చూసుకుంటా."

"వినపడింది."

ఆమె పక్కకు చూస్తోంది. పెదవి కొరుక్కుంటోంది. అతనికి ఒక్కసారిగా అనుమానం వచ్చింది.

"ఏమయింది?"

"ఏమీ ల్యా." ఫోన్ దగ్గరికి వంగింది. "నువ్వు రమ్మంటావనుకుంటి. నా నోటితో నేను వస్తానని వీళ్ల ముందర చెప్పల్యాకపోతి మామా. పొద్దున కట్టెలకు పోయేటప్పుడు ఒక్కొక్కరూ నా మొకం చూస్తారు. మా ఆయన రమ్మన్నాడు అని చెప్పొచ్చులే అనుకుంటి. నువ్వు రమ్మంటావని నాకు బాగా తెలుసు అనుకుని... పెట్టె గూడా సర్దుకుంటి."

వీరేష్ రెండు రోజులుగా ఆమె మీద కోపంగా ఉన్నాడు, రావాలని తనకు లేదా అని. రావాలని ఉండి, అనలేక, ఆ మాట అనే భారం అతనికి ఇచ్చింది. తన మొగుడు తప్పకుండా అంటాడనే ధీమాతో ఇచ్చింది. ఇప్పుడైనా మించిపోయింది లేదు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. రా అంటే చాలు, వస్తుంది. ఆ ఒక్క అక్షరం అతని గొంతులో నిండుగా నిలబడింది. జీవితంలో ఇంతకంటే ఏదీ ఎక్కువగా కోరుకోలేదు అతను.

తెర మీద, ఆమె భుజం వెనక, చేతిలో కట్టెల తాడుతో ఒక పొడుగాటి ఆడమనిషి వచ్చి నిలబడింది. ఫోన్ వైపు చూడలేదు. జాయ్ తల వైపే చూస్తోంది.

"పెట్టె విప్పుకో జాయ్" అన్నాడు వీరేష్.

ఆమె తల ఊపింది. ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. అతను ఫోన్ పెట్టేయలేదు, ఆమే పెట్టేయలేదు. ఇద్దరి చప్పుడుకూ పాప మేలుకుని, కళ్లు నులుముకుంటూ ఫోన్ లాక్కుని తల్లి మొహం చూసింది. తర్వాత తలెత్తి తండ్రి మొహం చూసింది. మళ్లీ ఫోన్‌లోకి వంగి, పెద్దమనిషిలా సముదాయించింది.

"ఏడవద్దు అమ్మా. నాయన గూడా ఏడుస్తాండాడు. నేనొక్కదాన్నే ఏడవకుండా ఉండా."